ఆగినప్పుడే వణికే బండి

ఎర్రలైటు దగ్గర బండి ఆగిన ప్రతిసారీ స్టీరింగ్‌లో ఒక సన్నని వణుకు మొదలయ్యేది. పట్టుకున్న అరచేతులకి తప్ప ఇంకెవరికీ అందనంత సన్నగా. పక్క సీట్లో ఉన్నవాళ్లని అడిగితే, ఏమీ లేదే, బాగానే ఉంది కదా అనేవాళ్లు. అద్దానికి కట్టిన పూలదండ కొస మాత్రం నిలకడగా ఉండేది కాదు. పచ్చలైటు పడి యాక్సిలరేటర్ మీద కాలు మోపగానే ఆ వణుకు మాయం. ఊరి బయట రోడ్డు మీద ఎంత దూరం పోయినా కనిపించదు. మళ్లీ ఆగామా, మళ్లీ మొదలు. ప్రయాణానికి అడ్డు రాని లోపం అది. బండి ఆగిపోవడం లేదు, పెట్రోలు అదనంగా తాగుతున్నట్టూ లేదు. అయినా మనసు అక్కడే ఎందుకు తిరుగుతోంది? పరుగెడుతున్నప్పుడు లేకుండా, నిలబడ్డప్పుడే ఉండేది ఏమై ఉంటుంది? రాత్రి భోజనం చేస్తూ కూడా దాని గురించే ఆలోచిస్తున్నానని ఇంట్లోవాళ్లు పట్టేశారు.

బండి మారుతి 800, కార్బురేటర్ కాలం నాటిది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి బండి తాళాలు ఒక కొనుగోలుదారుకి అందాయి. 2014 జనవరిలో ఆ బండి తయారీ ఆగిపోయింది. మధ్యలో ఉన్న ముప్ఫై ఏళ్లలో మన ఊళ్లలో మొదటిసారి కారు కొన్న ఇళ్లలో చాలావాటికి తెలిసిన బండి ఇదే. 796 సీసీల చిన్న ఇంజను, మూడే సిలిండర్లు. యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లకి ఒకసారి ఒక్కో సిలిండర్‌లో పెట్రోలు మండుతుంది కాబట్టి, మూడూ కలిపి సెకనుకి ఇరవై రెండుసార్లు మంట పడుతుందన్నమాట. పల్లకీ మోసేవాళ్లు ముగ్గురే అయినప్పుడు ఒకరు భుజం కాస్త దించినా లోపల కూర్చున్నవాళ్లకి తెలిసిపోతుంది. మెకానిక్కులు దీన్ని మిస్సింగ్ అంటారు. నా బండిది పూర్తి మిస్సింగ్ కూడా కాదు, అప్పుడప్పుడు ఒక మంట తప్పిపోతున్నట్టు ఉండే తడబాటు.

తెలిసినవాళ్లకి చెప్పుకున్నాను. ఒకరు ప్లగ్గులు మార్చమన్నారు. ఇంకొకరు కార్బురేటర్ విప్పి కడిగించమన్నారు. కాయిల్ వీకైందేమో అన్నారు ఒకరు. అసలు ఆ బండి అమ్మేయరాదా అన్నారు ఇంకొకరు, ప్రేమతోనే. ఎవరి మాటా తీసేయదగ్గది కాదు. ఈ వస్తువుల్లో ఏది పాడైనా ఇలాంటి వణుకు రాగలదు. కానీ ఆ జవాబులన్నీ ఒకే తీరుగా ఉన్నాయని తర్వాత గమనించాను. అన్నీ ఏది మార్చాలో చెబుతున్నాయి. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు, అడగనూ లేదు. ఎంత వేడెక్కాక మొదలవుతోంది, తెల్లారి చల్లగా ఉన్నప్పుడు ఉందా, హెడ్‌లైట్లు వేస్తే పెరుగుతోందా అని ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేది. రోగం పేరుకన్నా ముందే మందు పేరు వచ్చేసే తొందర మనకి ఎక్కడ పట్టుకుంది? లేక మొదట్నుంచీ ఉన్నదేనా?

మొదట్నుంచీ లేదనుకుంటాను. నా చిన్నప్పుడు విజయవాడలో నాన్నగారికి ఒక పాత ఫియట్ ఉండేది. తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది చూడండి, ఆ బండే. రోహిణి కార్తె ఎండల్లో అది నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఇంజను పక్కనే బిగించి ఉన్న పెట్రోలు పంపు వేడెక్కి, లోపలి పెట్రోలు ఆవిరైపోయి, పంపు తోడడానికి ద్రవమే లేకుండా పోయేది. నాన్నగారు తువ్వాలు తడిపి పంపు మీద వేసి, చెట్టు కింద నిలబడేవారు. కాసేపటికి సెల్ఫ్ కొడితే బండి లేచేది. మంత్రంలా కనిపించేది నాకు. దానికన్నా పెద్ద మంత్రం ఆటోనగర్ నుంచి ఆదివారం పూట ఇంటికొచ్చే మేస్త్రీగారిది. ఆయన వచ్చీ రాగానే పానాలు తీసేవారు కాదు. బండి స్టార్ట్ చేయించి, బానెట్ మీద చెయ్యి ఆనించి, కాసేపు ఊరికే వినేవారు. తర్వాత ఇంజను నడుస్తుండగానే, చెక్కపిడి ఉన్న పట్టకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పైకి లాగి, మళ్లీ పెట్టేవారు. ఒకటి లాగితే ఇంజను గొంతు పడిపోయేది. రెండోది లాగినా పడిపోయేది. మూడోది లాగితే ఏమీ మారేది కాదు. ‘చూశావా బాబూ, తీసినా తేడా రాలేదంటే, ఉన్నప్పుడూ అది పని చేయట్లేదన్నమాట’ అన్నారు ఒకసారి నాతో. ఆ మాటలోని తర్కం అప్పుడు నాకు తట్టలేదు. ఆయన గొంతులోని తీరిక మాత్రం చెవిలో ఉండిపోయింది. (ఒక మాట ఇక్కడే చెప్పాలి. ప్లగ్గు వైర్లలో వేల వోల్టుల కరెంటు పారుతుంది. పాయింట్లు, కండెన్సర్ ఉన్న ఆ కాలం బండ్లకి సరిపోయిన ఈ పరీక్ష, కంప్యూటర్ ఉన్న ఇప్పటి బండ్లకి చేయకూడదు. చేసేవాళ్లకీ ప్రమాదం, బండికీ నష్టం.)

ఆ తర్కం నాకు తట్టింది చాలా ఏళ్ల తర్వాత, బండ్లతో ఏ సంబంధమూ లేని పుస్తకంలో. 17వ శతాబ్దంలో మన తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదువుతుంటే పొగా నిప్పూ ఉదాహరణ వచ్చింది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఎలా చెప్పగలం? వంటింట్లో పొగ ఉన్నచోట నిప్పు ఉండటం చూశాం, అది అన్వయం. చెరువులో నిప్పు లేదు, పొగా లేదు, అది వ్యతిరేకం. రెండూ కుదిరితే మాట గట్టిగా నిలబడుతుంది. మేస్త్రీగారు వైరు లాగి చేసింది ఈ వ్యతిరేక పరీక్షే కదా అనిపించి పుస్తకం పక్కన పెట్టేశాను ఆ రోజుకి. నన్ను ఇంకా బాగా పట్టుకున్నది తర్వాతి మెలిక. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే, కానీ నిప్పు ఉంటే పొగ ఉండాలని లేదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడు కావాలి. ఆ తోడు షరతుని తార్కికులు ఉపాధి అన్నారు. బండి బాగుచేసేవాళ్ల పొరపాట్లలో సగం ఈ ఉపాధిని మరిచిపోవడం వల్లే వస్తాయని నా నమ్మకం. సైలెన్సర్‌లోంచి నల్లపొగ వస్తోందంటే లోపల పెట్రోలు ఎక్కువై, పూర్తిగా మండటం లేదన్నది నిజం. అక్కణ్నుంచి ఒక్క గంతులో కార్బురేటర్ పోయిందనేస్తాం. చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయినా నల్లపొగే. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా నల్లపొగే. ఫ్లోట్‌తో కదిలే సూది సరిగ్గా మూసుకోకపోయినా అదే పొగ. పొగకీ కార్బురేటర్‌కీ మధ్య ఇన్ని మెట్లున్నాయి.

పాత ఇంజను దగ్గర నాకు నచ్చేది ఈ మెట్లన్నీ కంటికి కనిపించడమే. నీలం పొగ వస్తే ఇంజనాయిలు మంటలోకి చేరుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తుంటే రేడియేటర్ నీళ్లు చేరుతున్నాయని అనుమానించాలి. ఆయిలు పోసే మూత విప్పి చూస్తే అడుగున కాఫీ రంగు మీగడ కట్టి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది (అయితే చలికాలంలో దగ్గర దగ్గర ప్రయాణాలే చేసే బండికి చెమ్మ వల్ల కూడా ఆ మీగడ కొంచెం పడుతుంది, అందుకని ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు). ప్లగ్గు విప్పి కొస చూస్తే లోపలి మంట ఎలా ఉందో తెలుస్తుంది. లేత ఇటుక రంగులో పొడిగా ఉంటే సంతోషించాలి. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, నల్లగా తడిగా జిడ్డుగా ఉంటే ఆయిలు, తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువ. వీటన్నిటిలోకీ నాకు ఇష్టమైన పరీక్ష ఇంకోటుంది. సిలిండర్‌లో ఒత్తిడి తక్కువైందని గేజ్ చెప్పినప్పుడు, తప్పు పిస్టన్ రింగులదా, పైన వాల్వులదా అన్నది ఇంజను విప్పకుండా ఎలా తెలుస్తుంది? ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. ఆయిలు దిగి రింగుల సందుల్ని కాసేపు మూస్తుంది. ఒత్తిడి పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే వాల్వులదో గ్యాస్కెట్‌దో. ఒక చెంచాడు ఆయిలుతో రెండు కారణాల్ని విడదీయడం ఎవరికి మొదట తట్టిందో గాని, వాళ్లకి చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

సరే, నా బండి. ఆదివారం పొద్దున్నే, ఇంకా ఎండ ముదరకముందు, ఇంటి ముందు ఆరుబయట బానెట్ ఎత్తాను. షెడ్డులో తలుపులేసుకుని ఇంజను నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. మూడు వైర్లూ వరసగా లాగి చూశాను. మూడింటికీ గొంతు ఒకేలా పడిపోయింది. అంటే ఏ ఒక్క సిలిండర్‌దీ ప్రత్యేకమైన దోషం కాదు. ఇంజను చల్లారాక ప్లగ్గులు విప్పితే మూడూ కాస్త పాలిపోయి ఉన్నాయి. మూడింటికీ సమానంగా గాలి ఎక్కువవుతోంది. అలాంటప్పుడు ఆ గాలి చేరే చోటు మూడింటికీ ఉమ్మడిది అయి ఉండాలి. అంటే కార్బురేటర్ దగ్గరో, దాని కిందనో. కార్బురేటర్‌లో పెట్రోలు దారే సన్నబడి ఉంటే? అలాగైతే ఊరి బయట రోడ్డు మీద కూడా కొంత పికప్ తగ్గాలి, తగ్గలేదు. అయితే ఊరికే నడిచేటప్పుడు వాడే సన్నని జెట్‌లో మాత్రమే చెత్త పడి ఉండొచ్చు. ఈ రెండు అనుమానాల్ని విడదీయడం ఎలా? కార్బురేటర్ విప్పేస్తే అన్నీ ఒకేసారి కదిలిపోతాయి. కడిగి బిగించాక వణుకు పోయినా, ఏది పోగొట్టిందో తెలియదు. ఇంట్లో పని చేసుకునేవాళ్లకి ఉన్న పెద్ద ఆస్తి తీరిక. ఒకసారికి ఒక్కటే కదపాలి, కదిపాక వినాలి.

మళ్లీ స్టార్ట్ చేసి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి బయల్దేరే రబ్బరు వ్యాక్యూమ్ పైపుల్ని ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి మూస్తూ వచ్చాను. వెనకవైపు, చెయ్యి వంకరగా పెడితే గాని అందని ఒక పైపుని దాని మొదట్లో నొక్కగానే ఇంజను చుట్లు మారాయి, వణుకు ఆగింది. వదిలాను, వచ్చింది. నొక్కాను, పోయింది. ఉంటే ఉంది, లేకపోతే లేదు. అన్వయం, వ్యతిరేకం. టార్చిలైటు వేసి చూస్తే పైపు ఇనప గొట్టానికి తొడిగిన కొసన, వంపు లోపలివైపు, గోరంత పగులు. వేడికి రబ్బరు గట్టిపడి చీలింది. అప్పుడు ఆ పాత ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. బండి ఆగి ఉన్నప్పుడు కార్బురేటర్‌లో గాలి తలుపు దాదాపు మూసి ఉంటుంది. ఇంజను లోపల్నించి గట్టిగా పీలుస్తుంది, దానికి కావలసిన గాలి మాత్రం చాలా తక్కువ. ఒక వంతు పెట్రోలుకి తూకంలో 14.7 వంతుల గాలి ఉంటే మంట సమంగా ఉంటుంది. అంత కొంచెం గాలిలో ఆ పగులులోంచి దొంగతనంగా చేరే గాలి వాటా పెద్దది, తూకం చెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే తలుపు తెరుచుకుని బోలెడు గాలి వస్తుంది, లోపలి పీల్పూ తగ్గుతుంది, అందులో ఆ పగులు గాలి లెక్కలోకే రాదు. పరుగులో లేనట్టుండి, నిలబడితే బయటపడటానికి కారణం ఇదీ. హైదరాబాద్ పుత్లీబౌలిలో పాత బండ్ల సామాను అమ్మే దుకాణంలో ఆ కొలత పైపు ముక్క కోయించుకుని తెచ్చాను. దాని ధర కన్నా నేను వెళ్లొచ్చిన పెట్రోలు ఖర్చే ఎక్కువ.

ఇదంతా పాతకాలం మీద మమకారమేనా? కొత్త బండ్లలో కంప్యూటర్ ఉంది, స్కానర్ పెడితే కోడ్ చెప్పేస్తుంది, ఈ అవస్థంతా ఎందుకని అడగొచ్చు. నేనూ అదే అనుకునేవాణ్ని, మా బంధువుల కొత్త బండి విషయం తెలిసేదాకా. దానికి పీ-0171 అనే కోడ్ వచ్చింది. మిశ్రమంలో గాలి ఎక్కువవుతోందని ఆ కోడ్‌కి అర్థం. ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పేది పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్. కాబట్టి ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. కోడ్ మళ్లీ వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, ఇన్‌టేక్ దగ్గర ఒక పైపు పగిలి గాలి చొరబడుతోంది. సెన్సర్ నిజమే చెప్పింది, నిజం చెప్పినందుకు దాన్ని తీసేశారు. పాత మారుతిలోనూ కొత్త బండిలోనూ అదే పగులు, అదే గాలి. కోడ్ లక్షణం పేరు మాత్రమే చెబుతుంది. పీ-0301 అంటే ఒకటో సిలిండర్‌లో మంట తప్పుతోందని చెబుతుంది. ప్లగ్గు వల్లా, కాయిల్ వల్లా, ఇంజెక్టర్ వల్లా, వాల్వు వల్లా అన్నది చెప్పదు. ఆ మిగతా దూరం మనిషే నడవాలి. స్కానర్ మంచి పనిముట్టు, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. వైరు లాగి వినే పనిని అది సులువు చేసింది. విన్నదాని గురించి ఆలోచించే పని అప్పుడూ ఇప్పుడూ మనిషిదే.

పాత బండి మీద నాకు సందేహాలు లేకపోలేదు. నా మారుతికి క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. అది కిలోమీటరుకి వదిలే విషవాయువుల్ని కొత్త బండితో పోలిస్తే తలదించుకోవాలి. అందుకే దాన్ని రోజూ తీయను. పెట్రోలు కూడా మారింది. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది, చాలా మంచిపని. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి, రంధ్రం కొలత మార్చుకోలేని పాత కార్బురేటర్‌లో మిశ్రమం ఇంకాస్త పల్చబడుతుంది. ఆ కాలపు రబ్బరు పైపులు, సీళ్లు కొన్ని దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. అయితే నా బండి వణుకుకి ఇథనాలే కారణమని ఎవరైనా అంటే ఒప్పుకోను. పెట్రోలు మార్చకుండానే పైపు మార్చితే వణుకు పోయింది కదా. పగిలిన పైపు గాలిదే తప్ప పెట్రోలుది కాదు. కోపం ఎటున్నా కారణం ఎటుందో అటే చూడాలి. ఇలా సొంతంగా వెతుక్కున్నా, ఇంట్లో చేయకూడని పనులూ ఉన్నాయి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు, ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరకూడదు, బ్రేకుల జోలికి తెలియకుండా పోకూడదు.

అయితే ఆ బంధువుల బండికి సెన్సర్ మార్చిన మెకానిక్‌ని నేను తప్పుపట్టలేకపోతున్నాను. ఆయన వైపు నుంచి ఆలోచించండి. గంటన్నర కూర్చుని, ఒక్కో పైపూ నొక్కి చూసి, ఇరవై రూపాయల ముక్కతో బండి బాగుచేసి, వెయ్యి రూపాయలు అడిగితే మనం ఇస్తామా? ఇరవై రూపాయల పైపుకి వెయ్యా అని గొడవ పడతాం. అదే సెన్సర్ మార్చి వేలల్లో బిల్లు వేస్తే, కొత్త డబ్బా కళ్ల ముందు ఉంది కాబట్టి నోరెత్తకుండా కట్టేస్తాం. వస్తువుకి డబ్బిస్తాం, వెతికినందుకు ఇవ్వం. అలా ఇవ్వకుండా ఏళ్ల తరబడి మనమే వెతకడం మాన్పించాం. చెయ్యి ఆనించి వినే ఆ మేస్త్రీగారి లాంటివాళ్లకి ఆ విద్యతో ఇల్లు గడవకపోతే, వాళ్ల కుర్రాళ్లు దాన్ని ఎందుకు నేర్చుకుంటారు? ఇంటి ముందు ఒక ఆదివారం నూనె చేతులతో నిలబడ్డాక నాకు బాగా అర్థమైన సంగతి ఇది. పైపు తొడగడానికి నిమిషం కూడా పట్టలేదు, పనంతా దాన్ని కనుక్కోవడంలోనే ఉంది.

మీ బండి బాగుచేయించినప్పుడు మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి, అది ఎలా పోయిందో మెకానిక్‌ని చూపించమనండి. ఎప్పుడైనా ఏ పార్టూ మార్చకుండా బండి బాగుచేసిచ్చి, వెతికినందుకు ఇంత ఇవ్వండి సార్ అని ఆయన అడిగితే, బేరమాడకుండా ఇవ్వండి.